క్లాసిక్ 350కి ట్యాంక్ బ్యాగ్: అయస్కాంతమా, పట్టీలా, రింగా?

విశాఖ_తీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. వర్షాలు కాస్త తెరిపి ఇచ్చాక మా ఆవిడతో కలిసి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, అక్కడి నుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగాలని అనుకుంటున్నాము. బట్టలకు వెనక ఇరువైపులా వేలాడే సంచులు ఉన్నాయి. అయితే ఫోను, పవర్ బ్యాంకు, మంచినీళ్ల సీసా, కళ్లజోడు, చిన్న కెమెరా వంటివి కావలసి వచ్చిన ప్రతిసారీ ఆవిడను దింపి వెనక సంచుల పట్టీలు విప్పడం కుదిరే పని కాదు. అందుకని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే సంచి, అదే ట్యాంక్ బ్యాగ్, కొనాలని నిశ్చయించుకున్నాను.

దుకాణంలో అయస్కాంతాలతో పట్టుకునే 28 లీటర్ల బ్యాగు చూపించి, ఎంత పెద్దదైతే అంత మంచిదని చెప్పారు. తొందరపడకుండా మిమ్మల్ని అడిగి కొందామని వచ్చాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో అయస్కాంతం నిలుస్తుందా? పెయింటు పాడవుతుందా? ఇద్దరం కూర్చునే బండికి ఎన్ని లీటర్లది సరిపోతుంది?

నల్లమల_బాటసారి (నంద్యాల)

విశాఖ_తీరం గారూ, లీటర్ల లెక్క అన్నిటికన్నా చివర చూసుకోవలసినది. మీ ట్యాంకు ఏ బ్యాగును ఒప్పుకుంటుందో ముందు తేల్చుకోండి. అందుకు దుకాణానికి వెళ్లనవసరం లేదు, ఇంట్లోనే రెండు పరీక్షలు చేయవచ్చు.

మొదటిది, ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతం తీసుకుని ట్యాంకు మీద ముందు, వెనక, కుడి, ఎడమ పెట్టి చూడడం. క్లాసిక్ ట్యాంకు ఉక్కుది కనుక మీకు ఇబ్బంది ఉండదు. కానీ ఈమధ్య వస్తున్న చాలా బండ్లలో పైకి ట్యాంకులా కనిపించేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే, అసలు ట్యాంకు దాని కింద ఉంటుంది. అటువంటి వాటి మీద అయస్కాంతం నిలవదు. మీ ట్యాంకుతో వచ్చే చిక్కు వేరు. అది రెండు పక్కలకూ గుండ్రంగా వాలి ఉంటుంది. బ్యాగు అడుగున అయస్కాంతాలు కుట్టిన రెక్కలు ఆ వంపు మీద పూర్తిగా ఆనాలి. అయస్కాంతపు బలం దూరంతో చాలా త్వరగా పడిపోతుంది, రెక్కకూ లోహానికీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉన్నా పట్టు సగానికి సగం పోయినట్టే ఉంటుంది. అందువల్ల రెక్కలు మెత్తగా, వేర్వేరుగా వంగేలా ఉన్న బ్యాగు మీ బండికి నప్పుతుంది, అడుగంతా ఒకే గట్టి పలకలా ఉన్నది నప్పదు.

రెండవ పరీక్ష ఇంకా ముఖ్యం. దుకాణంవారు చెప్పిన కొలతల ప్రకారం అట్టపెట్టె ఒకటి కత్తిరించి, బ్యాగు ఎంత ఎత్తు ఉంటుందో అంత ఎత్తుగా ట్యాంకు మీద నిలబెట్టి, బండిని స్టాండు మీద ఉంచి హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి చివరి వరకు తిప్పండి. హ్యాండిల్‌కూ పెట్టెకూ మధ్య రెండు వేళ్లు దూరేంత చోటు ఉండాలి. చాలామంది నిటారుగా ఉన్న హ్యాండిల్‌తో సరిచూసుకుని తృప్తిపడతారు. అనంతగిరి ఘాట్‌లో బాగా మెలిక తిరిగిన మలుపు దగ్గర ఎదురుగా బస్సు వచ్చి మీరు దాదాపు నిలబెట్టి తిప్పవలసి వచ్చినప్పుడు హ్యాండిల్ చివరి వరకు తిరుగుతుంది. అప్పుడు బ్యాగు అంచు హారను మీట మీద పడితే నలుగురూ నవ్వుకుంటారు, అంతే. ఇంజను ఆపే మీట మీద పడితే మాత్రం వెనక మనిషితో సహా బండి పక్కకు ఒరిగిపోతుంది.

నా అభిప్రాయంలో మీకు 8 నుంచి 12 లీటర్ల మధ్య బ్యాగు చాలు.

పాత_బుల్లెట్ (రాజమహేంద్రవరం)

ఈ చర్చ చూస్తే మా రోజులు గుర్తుకొచ్చాయి. బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు, యెజ్డీలు తిరిగే కాలంలో సీటు కవర్లు కుట్టే షాపుల్లోనే ట్యాంకుకు రెగ్జిన్ కవరు కుట్టించుకునేవాళ్లం. దాని మీద ముందు వైపు జిప్పు పెట్టిన చిన్న జేబు ఉండేది. ఆర్సీ పుస్తకం, చిల్లర, తుడుచుకునే గుడ్డ అందులోనే. ఇప్పుడు మీరంతా ట్యాంక్ బ్యాగ్ అంటున్నది దాని మనవడే అనుకోవచ్చు.

ఆ కవరు ట్యాంకును గీతల నుంచి కాపాడుతుందని వేయించుకునేవాళ్లం. నాలుగేళ్ల తరవాత విప్పితే కింద చెమ్మ నిలిచి పెయింటు బుడగలెత్తి, అంచుల్లో తుప్పు కనిపించేది. కాబట్టి విశాఖ_తీరం గారు అడిగిన పెయింటు ప్రశ్నకు నా సమాధానం ఇది. పెయింటును పాడుచేసేది అయస్కాంతం కాదు, దానికీ ట్యాంకుకూ మధ్య చేరే దుమ్మూ తడీ. బ్యాగు పెట్టబోయే ముందు ట్యాంకునూ, బ్యాగు అడుగునూ రెండింటినీ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. రాత్రి బసకు చేరగానే బ్యాగు తీసేయండి, తడి బ్యాగును తెల్లవార్లూ ట్యాంకు మీద వదలకండి.

ఇంకొక సంగతి. మెకానిక్ షెడ్డులో బ్యాగును ఎప్పుడూ నేల మీద పెట్టవద్దు. అక్కడ ఆకురాయి పట్టిన ఇనుప రజను నేలంతా ఉంటుంది. అయస్కాంతపు రెక్క దాన్ని క్షణంలో లాక్కుంటుంది, నల్లటి గుడ్డ మీద ఆ రజను కంటికి ఆనదు. తెచ్చి ట్యాంకు మీద పెట్టి కాస్త జరిపారంటే గరుకు కాగితంతో రుద్దిన దానితో సమానం. చేత్తో దులిపితే పోదు. వెడల్పాటి జిగురు టేపు అంటించి లాగితే చాలావరకు వస్తుంది.

కరీంనగర్_390

నా బండి కేటీఎం 390 అడ్వెంచర్. నేను పట్టీల పక్షం వాడిని. బాటసారి గారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే ఒక్క మాట చెబుతాను. ఉక్కు ట్యాంకు ఉన్నంత మాత్రాన అయస్కాంతమే మంచిదని తీర్మానించనవసరం లేదు. మంచి తారు రోడ్డు మీద అయస్కాంతం కదలదు. కానీ గతుకుల్లో, లెక్కలేనన్ని స్పీడ్ బ్రేకర్లున్న ఊళ్లలో బ్యాగు ప్రతి కుదుపుకూ వెంట్రుకవాసి చొప్పున పక్కకు జరుగుతూ పోతుంది. సాయంత్రానికి అది ఒకవైపు ఒరిగి ఉంటుంది. పట్టీలతో కట్టిన బ్యాగుకు ఆ బాధ లేదు.

పట్టీలు కట్టే పద్ధతి మాత్రం తెలిసి ఉండాలి. ముందు పట్టీని హ్యాండిల్ కింద ఉండే ఛాసిస్ (బండి చట్రం) మెడ చుట్టూ తిప్పాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలకు కానీ, హ్యాండిల్‌కు కానీ కట్టకూడదు, ఎందుకంటే అవి తిరుగుతాయి, పట్టీ తిరగదు. ఆ మెడ దగ్గరే క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, వైర్ల కట్ట వెళ్తుంటాయి. పట్టీ వాటి పైనుంచి బిగిస్తే, హ్యాండిల్ ఒకవైపు తిప్పినప్పుడు కేబులు లాగుకుని, ఇంజను తనంతట తానే వేగం పుంజుకోవచ్చు. అందుకే కట్టిన తరవాత ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ రెండువైపులా తిప్పి, శబ్దం మారుతోందేమో వినాలి. వెనక పట్టీలు రెండూ సీటు విప్పి, దాని కింద ఛాసిస్ గొట్టానికి కట్టుకోవాలి. మిగిలిన పట్టీ కొనలు వేలాడుతూ వదిలేస్తే ఒకటి సైలెన్సర్ గొట్టానికి తగిలి కరిగిపోతుంది, ఇంకొకటి చైనులోకి పోతుంది. వాటిని చుట్టి రబ్బరు బ్యాండు వేయడం కన్నా, పొడవు సరిచూసుకుని కత్తిరించి, కొనను అగ్గిపుల్లతో కాల్చి అతికించేయడం మేలు.

నల్లమల_బాటసారి

390 గారూ, మీ వాదన సబబే. అయితే పట్టీలతో కట్టిన బ్యాగును బంకులో తీయడం సంగతి చెప్పలేదు. మన దగ్గర పెట్రోలు పోసే అబ్బాయి పైపు పట్టుకుని నిలబడి ఉంటాడు, వెనక పది బండ్లు హారన్లు మోగిస్తుంటాయి. ముందు పట్టీ అలాగే ఉంచి, వెనక బకిళ్లు రెండు నొక్కగానే బ్యాగు ముందుకు తిరగబడేలా ఉంటేనే అది పనికొస్తుంది. కొనేముందు ఇది చేత్తో చేసి చూడాలి.

కరీంనగర్_390

నిజమే, నా బ్యాగుకు అలాంటి బకిళ్లే ఉన్నాయి. అవి లేనిదాన్ని నేనూ సిఫారసు చేయను.

స్టుట్‌గార్ట్_తెలుగు (జర్మనీ)

ఇక్కడ ఎక్కువమంది వాడేది మూడో పద్ధతి. ట్యాంకు మూత చుట్టూ ఉండే బోల్టుల్లో కొన్నిటిని విప్పి, వాటి స్థానంలో ఒక రింగును బిగిస్తారు. బ్యాగు అడుగున దానికి జోడీ భాగం ఉంటుంది. బ్యాగును రింగు మీద ఉంచి నొక్కితే పట్టుకుంటుంది, చిన్న మీటో తాడో లాగితే ఊడి వస్తుంది. ఎస్‌డబ్ల్యూ-మోటెక్ వారి రింగులూ, ఇటలీకి చెందిన గివి వారి ట్యాంక్‌లాక్ ఈ పద్ధతివే. ట్యాంకు ఉక్కుదా, అల్యూమినియందా, ప్లాస్టిక్‌దా అన్న పేచీ లేదు. బ్యాగు మూత మీద ఆధారపడి కాస్త పైకి నిలబడుతుంది కనుక పెయింటును అసలు తాకదు.

ఇందులో మూడు జాగ్రత్తలున్నాయి. మొదటిది, ప్రతి బండి మూతకూ బోల్టుల అమరిక వేరు కనుక రింగు మీ మోడల్‌కు తగినదే కావాలి. రెండవది, బోల్టు విప్పేటప్పుడు మూత మూసే ఉండాలి. మూత తెరిస్తేనే అందే బోల్టు ఏదైనా ఉంటే, ట్యాంకు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి మొదలుపెట్టాలి. లోపల పడిన బోల్టును తీయడానికి ట్యాంకు దింపవలసి వస్తుంది. మూడవది, ఆ బోల్టులు చాలా చిన్నవి, చేతి బలమంతా ఉపయోగించి బిగిస్తే మర పోతుంది. మూత చుట్టూ ఉన్న గుంటలో వాన నీరు కిందికి పోయే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. రింగు కింద పెట్టే వాషరు దాన్ని మూయకుండా చూసుకోవాలి, లేకపోతే నీరు నిలిచి మూత తెరవగానే పెట్రోలులోకి జారుతుంది.

విశాఖ_తీరం గారి బండికి మాత్రం ఇది కుదరదేమో. చుట్టూ బోల్టులు లేకుండా, తాళం తిప్పితే చేతిలోకి వచ్చేసే పాతకాలపు తరహా మూత అయితే రింగు బిగించే చోటే ఉండదు. ఒకసారి చూసి చెప్పండి.

విశాఖ_తీరం

చూశాను. చుట్టూ బోల్టులు లేవు, కాబట్టి రింగు మాట వదిలేస్తున్నాను.

అట్టపెట్టె పరీక్ష కూడా చేశాను. 28 లీటర్ల కొలతకు కత్తిరించిన పెట్టె హ్యాండిల్ ఎడమకు తిప్పగానే నలిగింది. అంతకన్నా, బండి మీద కూర్చుని చూస్తే స్పీడోమీటరులో పెట్రోలు చూపే భాగం కనిపించలేదు. 10 లీటర్ల కొలతకు తగ్గించాక రెండు ఇబ్బందులూ పోయాయి. అయితే మా ఆవిడ ఇంకొక ప్రశ్న వేసింది. చాలా బ్యాగుల్లో ముందు ఎత్తు తక్కువ, మన వైపు ఎత్తు ఎక్కువ ఎందుకు ఉంటుందని. నాకు జవాబు తెలియలేదు.

ఓరుగల్లు_టీచరమ్మ (హనుమకొండ)

మీ ఇంటివారు మంచి ప్రశ్న వేశారు. ట్యాంకు వెనక్కు వాలి ఉంటుంది కనుక, పైభాగం చదునుగా ఉండి పటం లేదా ఫోను కనిపించాలంటే మన వైపు ఎత్తు పెంచక తప్పదు. అయితే ఆ ఎత్తు ఎవరి కడుపుకు తగులుతుందో తయారుచేసేవారు ఎక్కువగా ఆలోచించరు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. పొడుగు మగవాళ్లకు బొడ్డు దగ్గర ఆగే బ్యాగు నాకు ఛాతీకి వస్తుంది. చేతులు చాపవలసిన దూరం పెరుగుతుంది, మెడ వంచి కిందికి చూడవలసి వస్తుంది. పొట్టివాళ్లూ, ఆడవాళ్లూ ఇంటర్నెట్‌లో సమీక్షలు చదివి కొనకుండా తప్పకుండా బండి మీద పెట్టి, కూర్చుని చూడాలి.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఇద్దరు కూర్చున్నప్పుడు వస్తుంది, దాన్ని ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ వెనక కూర్చున్నవారి బరువు మన మీదికి వస్తుంది, మనం ట్యాంకు వైపు జారుతాం. ఒంటరిగా ఉన్నప్పుడు మనకూ బ్యాగుకూ మధ్య ఉండే జానెడు చోటు అప్పుడు మాయమవుతుంది. కనుక మీకు కావలసింది చిన్న బ్యాగు, అది కూడా ట్యాంకు మీద వీలైనంత ముందుకు కూర్చునేది.

ఎదురుగా గుద్దుకునే ప్రమాదాల్లో నడిపేవారు ముందుకు జారి, పొత్తికడుపూ కటి ఎముకలూ నేరుగా ట్యాంకుకే తగులుతాయి. మధ్యలో బ్యాగు ఉంటే, అందులో మన వైపు ఏముందో అదే మొదట తగులుతుంది. స్పానర్లు, కత్తి, ఉక్కు ఫ్లాస్కు, కెమెరా లెన్సు వంటి గట్టి వస్తువులు ట్యాంక్ బ్యాగులో వేయకపోవడమే మంచిది, వేయక తప్పకపోతే ముందు గోడకు ఆనించి, మన వైపు తువ్వాలు, వాన చేతితొడుగులు, స్వెట్టరు వంటి మెత్తనివి సర్దాలి. పనిముట్లు వెనక సంచుల్లో, వీలైనంత కిందికి పెట్టుకోవచ్చు. రోడ్డు పక్కన పంక్చరు వేసుకునేటప్పుడు ఎలాగూ ఇద్దరూ దిగాలి.

పాత_బుల్లెట్

టీచరమ్మ గారూ, బ్రేకు వేసినప్పుడు వెనకవారి బరువు సంగతి నాకు తట్టనేలేదు. చాలా విలువైన మాట.

కోనసీమ_కుర్రాడు (అమలాపురం)

ఫోను గురించి రెండు మాటలు. బ్యాగు పైన పారదర్శకమైన జేబు ఉంటే, ఫోను అందులో పెట్టి దారి చూసుకోవచ్చు కదా అని అందరం అనుకుంటాం. శీతాకాలంలో, ఉదయం పూట అది బాగానే పనిచేస్తుంది. కానీ ఆ జేబు గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టె, కింద వేడెక్కిన ట్యాంకు, పైన ఎండ. ఐఫోన్లకు ఆపిల్ సంస్థ చెప్పిన వాడుక ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల వరకే. మన వేసవిలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. తెర మసకబారి, చార్జింగు ఆగిపోయి, చివరకు దారి చూపడమే మానేస్తుంది.

హ్యాండిల్‌కు బిగించుకోవడంలో ఇంకొక సమస్య. శక్తిమంతమైన మోటారుసైకిల్ ఇంజన్ల ప్రకంపనలు హ్యాండిల్ ద్వారా ఫోనుకు చేరితే కెమెరాలో బొమ్మ కదలకుండా చూసే భాగమూ, ఆటోఫోకస్ దెబ్బతినవచ్చని అదే సంస్థ 2021లో ప్రకటించింది. బ్యాగు అడుగున ఉండే స్పాంజి ఆ అదురును చాలావరకు మింగేస్తుంది. అందుకే నేను చేసేది ఏమిటంటే, ఫోనును జేబు లోపల కాకుండా బ్యాగు ప్రధాన అరలో, తువ్వాలు మీద పెట్టి, దారి చెప్పే మాటలు హెల్మెట్‌లోని స్పీకరులో వింటాను. తెర చూడవలసిన అవసరం తక్కువే. పాడేరు దారిలో సిగ్నల్ పోతుంటుంది కనుక పటం ముందే ఫోనులోకి దించుకోండి.

బ్యాటరీ నుంచి వైరు తీసి బ్యాగులో చార్జింగు పెట్టుకునేవారు ఫ్యూజు వేయించుకోవాలి, వైరుకు హ్యాండిల్ తిరిగేంత జాగా వదలాలి. పవర్ బ్యాంకు వాడేవారు బండిని ఎండలో నిలిపి వెళ్లేటప్పుడు దాన్ని బ్యాగులో వదిలి వెళ్లకండి. నల్లటి బ్యాగు, వేడి ట్యాంకు, లిథియం బ్యాటరీ కలిసి ఉండడం మంచిది కాదు. ఇన్సులిన్ వాడేవారికి కూడా అదే హెచ్చరిక, దాన్ని ఇంజను మీద ఉండే బ్యాగులో ఎప్పుడూ పెట్టవద్దు.

విశాఖ_తీరం

మా నాన్నగారికి గుండెకు పేస్‌మేకర్ ఉంది. ఆయన బండి ఎక్కరు కానీ, ఇంట్లో ఈ బ్యాగు ఉండడం వల్ల ఏమైనా ఇబ్బందా? బ్యాంకు కార్డులు పాడవుతాయని కూడా ఎవరో చెప్పారు.

ఓరుగల్లు_టీచరమ్మ

బలమైన అయస్కాంతాలను పేస్‌మేకర్‌కు కనీసం ఆరు అంగుళాల దూరంలో ఉంచాలన్నది సాధారణంగా చెప్పే జాగ్రత్త. ఇంట్లో అల్మారాలో ఉంటే ఇబ్బంది లేదు. ఆయన ఆ బ్యాగును భుజాన వేసుకోకూడదు, ఛాతీకి హత్తుకుని మోయకూడదు. ఈ బ్యాగులు చాలావాటికి భుజం పట్టీ కూడా ఇస్తారు, అప్పుడు అయస్కాంతపు రెక్కలు సరిగ్గా గుండె దగ్గరికే వస్తాయి. ఇంట్లో అందరికీ ఒకసారి చెప్పి ఉంచండి. ఆయన వైద్యుణ్ణి కూడా అడిగితే మంచిది.

కార్డుల విషయంలో, రిజర్వు బ్యాంకు ఆదేశాల వల్ల మన బ్యాంకులు 2018 ఆఖరుకల్లా చిప్పు కార్డులకు మారాయి. చిప్పుకు అయస్కాంతంతో భయం లేదు, వెనక ఉండే నల్లటి పట్టీ మాత్రం చెరిగిపోవచ్చు. హోటల్ గది తాళంగా ఇచ్చే కార్డుల్లో ఆ నల్ల పట్టీ రకం ఉంటే మాత్రం రెక్కల దగ్గర పెట్టకండి, రాత్రిపూట గది తలుపు తెరుచుకోదు. ఫోనులో దిక్సూచి కూడా కాస్త తప్పుదారి పడుతుంది, బ్యాగు నుంచి తీయగానే సర్దుకుంటుంది.

కోనసీమ_కుర్రాడు

వాన గురించి చెప్పకుండా ఈ చర్చ ముగియకూడదు. బ్యాగుతో ఇచ్చే రెయిన్ కవరు చూడడానికి బాగానే ఉంటుంది కానీ దానితో చిక్కులున్నాయి. గాలి కిందనుంచి దూరితే అది గొడుగులా ఉబ్బి ఎగిరిపోతుంది. ఎగరకుండా నిలిచినా, చాలా కవర్ల అడుగు తెరిచే ఉంటుంది కనుక ట్యాంకు మీద పారే నీటిని బ్యాగు అడుగు నుంచి పైకి పీలుస్తుంది. అడుగు కూడా మూసి ఉండే కవర్లయితే లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి లేక బ్యాగు నీళ్లలో నానుతుంది. పైగా కవరు వేశాక జిప్పు అందదు. అంటే చిల్లర తీయాలన్నా కవరు విప్పాలి.

నేను కవరు మీద ఆశ పెట్టుకోను. బ్యాగు తడవనిస్తాను, లోపలి సామాను తడవనివ్వను. నోరు మూడు నాలుగు మడతలు చుట్టి బిగించే వాటర్‌ప్రూఫ్ సంచులు చిన్న సైజులో దొరుకుతాయి. ఫోను, పవర్ బ్యాంకు, డబ్బు అందులో వేసి ఆ సంచిని ట్యాంక్ బ్యాగులో పెడితే ఎంత జడివానైనా ఫరవాలేదు. కాగితాల బెంగ కూడా పెట్టుకోకండి. డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో చూపే లైసెన్సు, ఆర్సీ చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ 2018లోనే స్పష్టం చేసింది. సిగ్నల్ లేనిచోట చూపవలసి వస్తే ఇబ్బంది కనుక అసలు పత్రాలను ప్లాస్టిక్ కవరులో చుట్టి వెనక సంచిలో ఉంచుకుంటే సరిపోతుంది.

నల్లమల_బాటసారి

వానలో ఇంకొక చోద్యం జరుగుతుంది. కొన్ని బండ్లలో ట్యాంకులోకి గాలి వెళ్లే సన్నని దారి మూతలోనే ఉంటుంది. పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ఆ దారిన గాలి లోపలికి వెళ్లాలి. తడిసిన రెయిన్ కవరూ బ్యాగూ కలిసి మూత మీద మూతలా అతుక్కుంటే గాలి అందక, కొంత దూరం వెళ్లాక పెట్రోలు అయిపోయినట్టు ఇంజను తడబడుతుంది. బ్యాగు ఎత్తి మూత తెరవగానే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఇది తరచుగా జరిగేది కాదు, కానీ జరిగినప్పుడు కార్బురేటరో పంపో పాడైందని మెకానిక్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు. బ్యాగు అడుగు మధ్యభాగం మూతకు కాస్త ఎడంగా ఉండేలా పెట్టుకుంటే చాలు.

శ్రీశైలం, అహోబిలం వెళ్లేవారు కోతులనూ మరచిపోవద్దు. తినుబండారాల వాసన వస్తే అవి జిప్పు తెరవడం నేర్చుకుని ఉంటాయి, తెరుచుకోకపోతే అయస్కాంతపు బ్యాగును మొత్తంగానే ఎత్తుకుపోతాయి. అరకు దారిలో కూడా కొండల అందాలు చూసే చోట్ల ఆగినప్పుడు బ్యాగు చేత్తో పట్టుకునే దిగండి. అరటిపళ్లు, పల్లీలు ట్యాంక్ బ్యాగులో పెట్టవద్దు.

కరీంనగర్_390

కోతులు ఎత్తుకుపోవడం అయస్కాంతపు బ్యాగులకే సాధ్యం అని గమనించగలరు!

పాత_బుల్లెట్

390 గారూ, కోతి సంగతి సరే, మీ పట్టీలు విప్పుకుంటూ బంకులో మీరు నిలబడ్డప్పుడు వెనకవాళ్లు అనే మాటలు కూడా ఇక్కడ రాయండి.

విశాఖ_తీరం

అందరికీ ధన్యవాదాలు. రైనాక్స్, వయాటెర్రా వంటి మన దేశపు సంస్థల బ్యాగులు రెండు మూడు చూశాను. చివరకు మెత్తని రెక్కలున్న చిన్న అయస్కాంతపు బ్యాగు ఒకటి ట్యాంకు మీద పెట్టి, హ్యాండిల్ తిప్పి, మా ఆవిడను వెనక కూర్చోబెట్టి మరీ సరిచూసుకుని తీసుకున్నాను. ట్యాంకు పైన రెక్కలు ఆనే చోట పారదర్శకమైన ఫిల్ము అంటించమని దుకాణంవారు సలహా ఇచ్చారు. ఫిల్ము వల్ల అయస్కాంతపు పట్టు తగ్గదు కదా? బ్యాగుతో పాటు కొక్కెం ఉన్న సన్నని పట్టీ ఒకటి విడిగా ఇచ్చారు, దాన్ని ఎక్కడ తగిలించాలో వారికీ తెలియలేదు.

నల్లమల_బాటసారి

ఫిల్ము మందం మిల్లీమీటరులో చిన్న వంతే ఉంటుంది, పట్టులో తేడా తెలియదు, వేయించండి. మీ ట్యాంకు నిగనిగలాడే రంగుదైతే ఫిల్ము లేకపోయినా గీతలను తరవాత పాలిష్ చేయవచ్చు. మెరుపు లేని మ్యాట్ రంగుదైతే పాలిష్ చేసిన చోటల్లా మచ్చలా మెరుస్తుంది, దాన్ని సరిచేయలేరు, అప్పుడు ఫిల్ము తప్పనిసరి.

ఆ సన్న పట్టీ చాలా అవసరమైనది. 390 గారు చెప్పినట్టు ఛాసిస్ మెడ చుట్టూ, కేబుళ్లకు అడ్డం రాకుండా తిప్పి, దాని కొక్కేన్ని బ్యాగు ముందు వలయానికి తగిలించండి. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు గాలికి రెక్క లేచినా బ్యాగు రోడ్డు మీద పడకుండా అది ఆపుతుంది. బ్యాగు పక్కకు ఒరిగినా హ్యాండిల్‌కు అడ్డుపడనంత పొట్టిగా ఉండాలి, బంకులో బ్యాగును ముందుకు తిరగేయగలిగేంత పొడుగు ఉండాలి. కట్టాక పక్కనుంచి ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, కేబుళ్ల వరస చూసి చెబుతాము.